కారు నిలిపే చోట మన్నికైన కాంక్రీటు గచ్చు వేయించుకోవడం ఎలా

మా ఇంటి కారు షెడ్డులో మొదట వేయించిన కాంక్రీటు గచ్చు మూడో వర్షాకాలానికే సంపు పక్కన 2 అంగుళాలు దిగిపోయి, గోడ నుంచి గేటు దాకా ఏటవాలుగా పెద్ద బీట తీసింది. పగలగొట్టించి చూస్తే కాంక్రీటులో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదు. 5 అంగుళాల మందాన గట్టిగానే ఉంది. లోపమంతా దాని అడుగున ఉంది. సంపు కోసం తవ్విన నల్లమట్టినే, ఇటుక ముక్కలతో, ఖాళీ సిమెంటు సంచులతో సహా తిరిగి గుంట అంచున పోసి, కాళ్లతో తొక్కి, పైన కంకర పరిచి కాంక్రీటు వేసేశారు. ఆ మట్టి కుంగిపోగా గచ్చు కింద చెయ్యి దూరేంత ఖాళీ మిగిలింది, కారు ముందు చక్రం రోజూ సరిగ్గా ఆ ఖాళీ మీదే ఆగేది. ఆ గచ్చు తీయించి మళ్లీ వేయించినప్పుడు నేర్చుకున్నదీ, తర్వాత బంధువుల ఇళ్లలో దగ్గరుండి చేయించినప్పుడు సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఎన్ని సంచుల సిమెంటు పోశామన్న దానికంటే, అడుగు నేలను ఎంత గట్టిపరిచాం, కాంక్రీటులో నీళ్లు ఎంత తగ్గించాం, వేశాక ఎన్ని రోజులు తడి ఆరకుండా ఉంచాం అన్నవే గచ్చు ఆయుష్షును నిర్ణయిస్తాయి. ఈ మూడింటిలో దేనికీ పెద్దగా డబ్బు ఖర్చు కాదు. ఇంటివారు దగ్గరుండి చూసుకోకపోతే మాత్రం మూడూ జారిపోతాయి.

తీసెయ్యాలా, బాగుచేస్తే సరిపోతుందా

పాత గచ్చు ఉన్నవారు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఇది. ఉపరితలం మీద సాలెగూడులా సన్నని గీతలు పడి, లోపల గట్టిగా ఉంటే ఆ గచ్చును తీయవలసిన పని లేదు. పొడవుగా ఒక బీట ఉన్నా, దానికి రెండువైపులా మట్టం ఒకటే అయితే, బీట పెరగకపోతే, శుభ్రం చేసి సీలెంటు (సందు పూడ్చే సాగే పదార్థం) నింపితే చాలు. బీట మీద వేలు అడ్డంగా పోనిచ్చినప్పుడు ఒక అంచు గోటికి తగిలితే, అంటే ఒక పక్క దిగి ఉంటే, అడుగు నేల కదిలిందని అర్థం. అనుమానంగా ఉంటే బీటకు అటూ ఇటూ రెండు మేకు గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరాన్ని తేదీతో సహా రాసుకుని, ఒక వానాకాలం, ఒక వేసవి దాటాక మళ్లీ కొలిచి చూడాలి. సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే, అడుగున ఖాళీ ఉన్నచోట డొల్ల శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. డొల్ల చోటు చిన్నదైతే అంతవరకు చతురస్రంగా కోసి తీసి వేయించవచ్చు. మూడో వంతుకు మించి ఉంటే మొత్తం తీసెయ్యడమే మేలని నా అభిప్రాయం.

పగిలిన గచ్చు మీదే అంగుళమో అంగుళంన్నరో కొత్త కాంక్రీటు పోసి కప్పేయమని, లేదా మాలు వేసి పార్కింగ్ టైల్స్ అంటించేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. కింది బీట ఏ గీత వెంట ఉందో, పై పొర కూడా కొద్ది నెలల్లో అదే గీత వెంట పగులుతుంది. పైగా గచ్చు ఎత్తు పెరిగి గేటు తట్టుకుంటుంది, వాననీరు వరండా వైపు మళ్లుతుంది. తాండూరు బండలకు, కడప బండలకు కూడా ఇదే వర్తిస్తుంది. అడుగు గట్టిగా ఉంటే అవి దశాబ్దాలు నిలుస్తాయి, కింద డొల్ల ఉంటే చక్రం పడిన చోట మూల విరుగుతుంది.

పగలగొట్టే ముందు మురుగు పైపు, నీళ్ల పైపు, బోరు మోటారు కేబులు, ఎర్తింగ్ గుంట ఎక్కడున్నాయో సున్నంతో గీసి పెట్టుకోవాలి. స్తంభాల చుట్టూ, గోడల వెంట ముందు కట్టరుతో కోసి విడదీసి, ఆ తర్వాతే బ్రేకరు ఆడించాలి. లేకపోతే ఆ అదురు గోడ దాకా పాకుతుంది. కాంక్రీటు దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే సన్నని సిలికా ఉంటుంది కాబట్టి నీళ్లు చల్లుతూ పనిచేయించాలి, పనివారికి ఎన్-95 మాస్కులు మనమే కొనివ్వాలి. తీసిన పెళ్లలను తిరిగి అదే గుంటలో పోయనివ్వకూడదు. పెళ్లల మధ్య సందులు మిగిలిపోయి, మట్టి మెల్లగా వాటిలోకి జారి, మళ్లీ నేల కుంగుతుంది.

అడుగు నేల

హైదరాబాదు చుట్టుపక్కల చాలాచోట్ల ఎర్రనేల, దాని కింద మొరం ఉంటాయి కాబట్టి అక్కడ పని సులువు. గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు, జహీరాబాదు వైపు నల్లరేగడి భూముల్లో కట్టుకునేవారు మాత్రం ఎక్కువ జాగ్రత్త పడాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు తీస్తుంది. మట్టి ఆ బలంతో కింది నుంచి నెడుతుంటే 5 అంగుళాల గచ్చు ఆపలేదు, లోపల ఎంత ఇనుము వేసినా ఆపలేదు. ఆ మట్టిని కనీసం 2 అడుగులు, వీలైతే 3 అడుగుల లోతు వరకు తీసేసి, ఉబ్బని మొరంతో నింపాలి. ఉబ్బని మట్టిని దళసరి పొరగా పరిచి రేగడి ఉబ్బును అదుపు చేసే పద్ధతిని ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి అధ్యయనం చేసి రూపొందించారు. రేగడి నేలల్లో కాలువల లైనింగుకు కూడా ఇదే పద్ధతి వాడతారు. పునాదుల పక్కన ఇంత లోతు తవ్వేటప్పుడు మాత్రం ఇంజినీరును ఒకసారి పిలిపించి చూపించుకోవాలి.

మొరాన్ని ఒకేసారి లారీ నుంచి గుంటలోకి దింపేసి, పైపైన దిమ్మిస కొట్టిస్తే పైన 6 అంగుళాలు గట్టిపడి కింద అంతా వదులుగానే ఉంటుంది. 6 అంగుళాలకు మించకుండా ఒక పొర పరిచి, తడిపి, కంపాక్టరుతో (మట్టిని అదిమే యంత్రం) తొక్కించి, ఆ తర్వాతే పై పొర వేయాలి. తడి ఎంత ఉండాలో గుప్పిట చెబుతుంది. పిడికెడు మొరాన్ని గట్టిగా నొక్కి తెరిస్తే ముద్దగా నిలవాలి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలుగా విడిపోవాలి. అరచేతికి బురద అంటితే నీళ్లు ఎక్కువయ్యాయి. నొక్కినా పొడిపొడిగా రాలిపోతే తక్కువయ్యాయి. గుంటనిండా నీళ్లు పెట్టి వారం వదిలేస్తే అదే దిగుతుందనే మాట ఇసుకకు కొంతవరకు నిజం, బంకమట్టి కలిసిన మొరానికి నిజం కాదు. ప్రతి పొర పూర్తయ్యాక నేను 12 ఎం.ఎం. ఇనుప చువ్వను చేతి బలంతో నేలలోకి గుచ్చి చూస్తాను. రెండు మూడు అంగుళాలకు మించి దిగితే ఆ పొరను మళ్లీ తొక్కించమంటాను.

సంపు అంచు మరింత శ్రద్ధ కోరుతుంది. మన ఊళ్లలో సంపు చాలావరకు కారు నిలిపే చోటే ఉంటుంది. సంపు గోడకూ తవ్విన గుంటకూ మధ్య అడుగున్నర సందులోకి కంపాక్టరు దూరదు. అక్కడ మట్టి బదులు స్టోన్ డస్టును 4 అంగుళాల పొరలుగా పోసి చేతి దిమ్మిసతో కొట్టించాలి, లేదా తక్కువ సిమెంటు కాంక్రీటుతోనే నింపేయాలి. సంపు స్లాబు కారు బరువును మోసేలా కట్టిందా లేదా అన్నది ఇంజినీరుతో ముందే తేల్చుకోవాలి. సంపు స్లాబు కదలదు, పక్క నేల ఎంతో కొంత కదులుతుంది. అందుచేత ఆ రెండింటి సరిహద్దు వెంట గచ్చును విడదీసే జాయింటు తప్పకుండా ఉండాలి. మూత కొనేటప్పుడు దాని మీద అచ్చువేసిన గుర్తును చూడాలి. ఎల్.డి.-2.5 రకం మనుషులు నడిచే చోటికి సరిపోతుంది, కారు చక్రం కిందికి ఎం.డి.-10 రకం కావాలి.

మట్టాలు, మందం, జాయింట్లు

వాటం 100 అడుగులకు 1 అడుగు చొప్పున గేటు వైపు ఉంటే నీరు నిలవదు. అంటే 20 అడుగుల పొడవున్న షెడ్డులో లోపలి గోడకూ గేటుకూ మధ్య సుమారు రెండున్నర అంగుళాల తేడా వస్తుంది. లెవెల్ పైపుతో నాలుగు మూలలా గుర్తులు పెట్టి దారాలు కట్టించాక, గేటు బయటి రోడ్డును కూడా ఒకసారి చూడండి. కాలనీల్లో పాత రోడ్డు తీయకుండానే దాని మీద కొత్త రోడ్డు వేస్తూ పోతారు కాబట్టి, ఇవాళ రోడ్డు కంటే 4 అంగుళాల ఎత్తులో ఉన్న గచ్చు కొన్నేళ్లకు రోడ్డు కంటే పల్లంలో పడుతుంది. గచ్చును రోడ్డు మీద కనీసం అడుగు ఎత్తున పెట్టుకుని, మిగతాది ర్యాంపుతో సర్దుకోవడం మంచిది.

మొరం మీద 4 అంగుళాల కంకర, డస్టు కలిపిన పొరను తడిపి తొక్కించడమో, 40 ఎం.ఎం. కంకరతో 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) బెడ్డు వేయించడమో చేయాలి. దాని మీద 250 మైక్రాన్ల పాలిథీన్ షీటును, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరచాలి. నేలలోని చెమ్మ పైకి రాకుండా, కాంక్రీటులోని నీటిని ఎండిన నేల పీల్చేయకుండా ఈ షీటు ఆపుతుంది. ముందుముందు ఎపాక్సీ పెయింటు వేయించాలనుకునేవారు దీన్ని మానకూడదు.

మామూలు కారుకు 4 అంగుళాల మందం చాలు, పెద్ద బండ్లు ఉన్నవారు 5 అంగుళాలు వేయించుకోవాలి. వేసవిలో సంపు నింపడానికి నీళ్ల ట్యాంకరు గేటు లోపలికి వచ్చే ఇళ్లు ఉంటాయి. 5,000 లీటర్ల ట్యాంకరులో ఒక్క నీటి బరువే 5 టన్నులు. అలాంటి చోట గేటు దగ్గరి భాగాన్నైనా 6 అంగుళాలకు పెంచాలి. మందం గురించి మేస్త్రి చెప్పిన మాట కంటే దారాన్ని నమ్మాలి: దారం నుంచి బెడ్డు దాకా టేపు పెట్టి పది చోట్ల కొలిస్తే, 5 అంగుళాలనుకున్నది ఎక్కడ మూడున్నరే ఉందో బయటపడుతుంది, అప్పుడు చెక్కించి సరిచేసుకోవచ్చు.

కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, దాంతో బీట పడడం దాని స్వభావం. ఆ బీట మనం చెప్పిన చోట, నిటారుగా పడేలా చేయడానికే జాయింట్లు. గచ్చు మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలో ఒక కోత ఉండాలి. 5 అంగుళాల గచ్చుకు అది 10 నుంచి 12 అడుగుల దాకా వస్తుంది. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న షెడ్డులో సరిగ్గా మధ్యన అడ్డంగా ఒక్క కోత చాలు. కోత లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఒకటింపావు అంగుళం ఉండాలి. పైపైన గీసిన అరంగుళం గీత అందానికే తప్ప బీటను తనవైపు లాగదు. గోడల వెంట, స్తంభాల చుట్టూ అరంగుళం థర్మోకోల్ పట్టీ పెట్టి గచ్చును పూర్తిగా విడదీయాలి. స్తంభం చుట్టూ పెట్టే చట్రాన్ని గాలిపటంలా మూల తిప్పి పెడితే, దాని మూలలు కోత గీతల మీదకు వచ్చి, అడ్డదిడ్డంగా బీటలు పుట్టవు.

ఇనుము విషయంలో రెండు అపోహలు ఉన్నాయి. ఇనుము వేస్తే బీటలు రావన్నది మొదటిది. నిజానికి ఇనుము బీటను ఆపదు, వచ్చిన బీట విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది. 8 ఎం.ఎం. చువ్వలను రెండువైపులా 8 అంగుళాల ఎడంతో కట్టిన జాలీ 5 అంగుళాల గచ్చుకు సరిపోతుంది. జాలీని నేల మీద పరిచి, కాంక్రీటు పోస్తూ కొక్కెంతో పైకి లాగితే చాలన్నది రెండో అపోహ. పైకి లాగిన జాలీ మనుషుల కాళ్ల కింద మళ్లీ అడుగుకే చేరుతుంది. బీట పైనుంచి మొదలవుతుంది కాబట్టి జాలీ పై మూడో వంతులో, పైనుంచి అంగుళంన్నర నుంచి 2 అంగుళాల లోతులో, కవరు బ్లాకులనే చిన్న సిమెంటు దిమ్మల మీదో ఇనుప కుర్చీల మీదో కదలకుండా కూర్చోవాలి.

కలపడం, పోయడం

20 అడుగులు, 12 అడుగులు, 5 అంగుళాలు అంటే సరిగ్గా 100 ఘనపుటడుగుల కాంక్రీటు. 1:1.5:3 పాళ్లలో దానికి సుమారు 23 సంచుల సిమెంటు, 42 ఘనపుటడుగుల ఇసుక, 84 ఘనపుటడుగుల 20 ఎం.ఎం. కంకర పడతాయి, వృథా కింద ఇంకో 5 శాతం కలుపుకోవాలి. రాయిని పిండిచేసి తయారుచేసే రోబో ఇసుక వాడవచ్చు, అందులో దుమ్ము ఎక్కువ లేకుండా కడిగిన రకం చూసుకోవాలి. సంచి మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటిన సిమెంటును తిప్పి పంపాలి.

ఇక నీళ్లు. మేస్త్రి మంచివాడే కావచ్చు, పాళ్లు సరిగానే పోయించవచ్చు, కానీ కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర పైపు పట్టుకున్న కుర్రాడి చేతిలో గచ్చు బలమంతా ఉంటుంది. పలుచగా ఉంటే బొచ్చెల్లోంచి తేలిగ్గా జారుతుంది, మట్టం లాగే బద్ద తేలిగ్గా నడుస్తుంది కాబట్టి అతను పైపు వదులుతూనే ఉంటాడు. సిమెంటు గట్టిపడే చర్యకు దాని బరువులో దాదాపు నాలుగో వంతు నీరు చాలు. మిగతాదంతా పని సాఫీగా సాగడం కోసం పోసేదే. అది ఆవిరైపోయాక ఆ ఖాళీలు కాంక్రీటులో రంధ్రాలుగా మిగులుతాయి. 50 కిలోల సంచికి 25 లీటర్లు మించకూడదని నేను ముందే చెప్పి, పైపు తీయించేసి, 20 లీటర్ల పెయింటు డబ్బాకు గీత గీసి పెడతాను. ఇసుక తడిగా ఉంటే ఆ నీటిని కూడా ఈ లెక్కలోనే చూడాలి కాబట్టి వానలో తడిసిన ఇసుకకు సంచికి 20 లీటర్లే పోయించాలి. ఆ ముద్ద మరీ బిగుసుగా ఉందని పనివారు అంటే, నీళ్లకు బదులు ముద్దను జారుగా చేసే ప్లాస్టిసైజరు మందును డబ్బా మీద రాసిన మోతాదులో కలపాలి.

ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ తెప్పించుకునేవారు ఎం-25 గ్రేడు అడగాలి. లారీ రాగానే చీటీ మీద గ్రేడు, ప్లాంటులో నింపిన సమయం చూడాలి. నీళ్లు కలిపిన 2 గంటల లోపల మొత్తం దింపుకోవాలి. డ్రమ్ములో నీళ్లు పోసి తిప్పుతానని డ్రైవరు అంటే ఒప్పుకోకూడదు. ఆ లారీ మీ గేటు దాకా వస్తుందో రాదో ముందే సందు వెడల్పు కొలిచి చూసుకోండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో కాంక్రీటు పరిచినప్పుడు వేడిగాలి పైనీటిని లాగేసి, గంట తిరగకముందే కోడికాళ్ల లాంటి బీటలు తీస్తుంది. కాంక్రీటు వేసేటప్పుడు దాని వేడి 40 డిగ్రీలు మించకూడదు. అందువల్ల వేసవిలో తెల్లవారుజామున మొదలుపెట్టి, కంకరను ముందురోజు రాత్రే తడిపి, పైన షేడ్‌నెట్టు కట్టించుకుని, ఎండ ముదరకముందే ముగించాలి. లోపలి మూల నుంచి గేటు వైపు వస్తూ, ఎక్కడికక్కడే పోయించాలి. ఒకచోట కుప్ప పోసి పారతో దూరంగా లాగితే కంకర వెనకబడి, మాలు ముందుకు జారుతుంది. గోడల అంచుల్లో, స్తంభాల దగ్గర వైబ్రేటరు సూది నిలువుగా దించి మెల్లగా తీయాలి.

చదును చేయడం

అల్యూమినియం బద్దతో మట్టం లాగి, చెక్క ఫ్లోటుతో ఒకసారి సరిచేశాక, పనిని ఆపాలి. అందరికీ కష్టమనిపించేది ఈ ఆగడమే. అరగంటలో ఉపరితలం మీద నీరు ఊరి, గచ్చంతా అద్దంలా మెరుస్తుంది. దగ్గరగా వంగి చూస్తే ఆ నీటిలో సన్నని సిమెంటు రేణువులు తేలుతూ కనిపిస్తాయి. ఆ నీరు ఉండగానే తాపీ పట్టి రుద్దితే, నీరంతా పై పొరలోకి తిరిగి కలిసిపోయి, అక్కడి కాంక్రీటు అన్నిటికంటే బలహీనంగా తయారవుతుంది. చాలామంది చేసే పని మరీ హానికరం: నీరు త్వరగా ఆరాలని దాని మీద పొడి సిమెంటు చల్లి, నున్నగా పాముతారు. ఆరోజు నల్లగా నిగనిగలాడే ఆ గచ్చు ఏడాది తిరిగేసరికి పొరలు పొరలుగా లేస్తుంది, చీపురు పట్టిన ప్రతిసారీ తెల్లపొడి వస్తుంది. మెరుపు పోయి మసకబారేదాకా ఆగాలి. బూటు మోపితే పావు అంగుళం మాత్రమే దిగే సమయం వస్తుంది. అప్పుడు ఫ్లోటు, ఆ తర్వాత ఇనుప తాపీ. వేసవిలో ఇది గంటన్నరకే రావచ్చు, చలికాలంలో నాలుగు గంటలు పట్టవచ్చు, గడియారం చూసి చెప్పలేం.

కారు నిలిపే చోట నున్నటి గచ్చు వద్దని నా సలహా. వానలో తడిసిన చెప్పులతో వచ్చే పెద్దవారు జారిపడతారు. చివరగా మెత్తటి చీపురును వాటానికి అడ్డంగా ఒకే దిశలో లాగిస్తే సన్నని గరుకు మిగిలి టైరుకూ కాలికీ పట్టు దొరుకుతుంది. రాపిడికి ఇంకా గట్టితనం కావాలంటే ఫ్లోర్ హార్డెనరు అనే పొడిని ఇదే దశలో, ఊరిన నీరు ఆరాక చల్లి రుద్దించవచ్చు. అది మామూలు సిమెంటు చల్లడం లాంటిది కాదు. మధ్యలో వాన వస్తే టార్పాలిన్ కప్పి, చినుకు గుంటలు పడినా సరే అలాగే ఉంచాలి. వాటిని కప్పడానికి మళ్లీ సిమెంటు జోలికి పోకూడదు.

కోత అదే రోజు పడాలి. వేసిన 6 నుంచి 12 గంటల్లో, కట్టరు పెడితే కంకర అంచు ఊడిరాకుండా తెగే గట్టితనం రాగానే కోయించాలి. మర్నాడు మధ్యాహ్నం వస్తానని కట్టరువాడు అంటే వేరేవాడిని పిలుచుకోండి, ఎందుకంటే వేసవిలో ఆపాటికి బీట తన దారి తానే చూసుకుని ఉంటుంది.

తడి ఆరకుండా

పొద్దునోసారి, సాయంత్రమోసారి పైపుతో తడపడాన్ని క్యూరింగు అంటున్నారు కానీ, నడిమధ్యాహ్నం ఎండిపోయి తెల్లబడే గచ్చుకు దాని వల్ల మేలు తక్కువ. తడి నిరంతరం ఉండాలి. ఇసుకతో చిన్న మడులు కట్టి అంగుళం నీరు నిలపడం అన్నిటికంటే మంచి పద్ధతి. వాటం వల్ల నీరు నిలవకపోతే గోనెసంచులు పరిచి తడుపుతూ, పైన పాలిథీన్ షీటు కప్పాలి. నీటి ఎద్దడి ఉన్న వేసవిలో ఈ షీటు చాలా నీళ్లు ఆదా చేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు మెల్లగా బలపడుతుంది, అందుకని 14 రోజులు తగ్గకూడదు. ఓపీసీ (మామూలు సిమెంటు) అయినా మన ఎండల్లో కనీసం 10 రోజులు అవసరం. ఈ రోజుల్లోనే పెయింటర్లు, కరెంటు పనివారు షీటు తీసి పక్కన పడేస్తుంటారు. ఇంట్లో ఒకరికి ఆ బాధ్యత అప్పగించాలి.

మర్నాటి నుంచి గచ్చు మీద నడవవచ్చు. వారం తర్వాత స్కూటరు, రెండు వారాల తర్వాత కారు నిలపవచ్చు. నీళ్ల ట్యాంకరు, ఇటుక లారీ మాత్రం 28 రోజులు ఆగాలి.

ఎపాక్సీ పూత కావాలనుకునేవారు ఆ 28 రోజులు గడిచాక కూడా ఒక పరీక్ష చేయాలి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గచ్చుకు అంటించి, 16 గంటల తర్వాత తీసి చూస్తే, లోపలివైపు చెమ్మ పట్టినా, గచ్చు రంగు నల్లబడినా పూత అప్పుడే వద్దు. వేసినా పొక్కులు లేస్తుంది, వేడి టైరుకు అంటుకుని పెళ్లలుగా ఊడుతుంది. ఎండ పడే షెడ్డులో ఎపాక్సీ పసుపు తిరుగుతుంది కూడా. నన్నడిగితే, సోడియం సిలికేటు లేదా లిథియం సిలికేటు డెన్సిఫయరు ఒకటి రెండు చేతులు కొట్టిస్తే మామూలు ఇంటికి చాలు. అది కాంక్రీటులోకి ఇంకి పైభాగాన్ని బిగిస్తుంది, పొడి రాలడం తగ్గుతుంది, ఊడేందుకు పొరంటూ ఏదీ ఉండదు.

మా షెడ్డులో రెండోసారి వేయించిన గచ్చుకు బీట పడకపోలేదు. నాలుగో నెలలో టార్చి వేసి చూస్తే మధ్య కోత అడుగున, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెంట్రుక మందాన ఒక గీత ఉంది. కోత దాటి ఎక్కడా పక్కకు పోలేదు. ఆ కోతను ఊది శుభ్రం చేసి, అడుగున నురుగు తాడు దూర్చి, పైన పాలీయురెథేన్ సీలెంటు నింపించాను. ఏటా తొలకరికి ముందు దాని అంచులు వేలితో తడిమి చూసి, ఊడిన చోట కోసి తీసి కొత్తది నింపిస్తే, వాననీరు ఆ సందులోంచి అడుగు మొరంలోకి దిగదు.